కోడికి తెగులు... పిల్లికి గండం

ఆదివారం పొద్దున్నే చికెన్ సెంటర్ తెరవకముందే హాజరయ్యేది పిల్లులే! తలకాయలు, పేగులు... ఏది విసిరినా నోట కరచుకుని పోతాయి. భద్రాచలం చుట్టుపక్కల అడవి అంచు ఊళ్లలో నాటుకోడి చచ్చిపోతే 'కొక్కెర తెగులు' అనుకుని ఊరి బయట పారేయడమూ మామూలే. అది కొక్కెర కాకుండా బర్డ్‌ఫ్లూ అయితే?

2025 ఫిబ్రవరిలో ఆ భయం దగ్గరికే వచ్చింది. గోదావరి దిగువన తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం కోళ్లఫారాల్లో హెచ్5ఎన్1 వైరస్ బయటపడింది. తెలంగాణ సరిహద్దుల్లో చెక్‌పోస్టులు పెట్టి ఆంధ్రా కోళ్ల వ్యాన్లను వెనక్కి పంపారు. సరే, వ్యాన్లను ఆపొచ్చు. భద్రాచలం దాటి నాలుగడుగులేస్తే ఎటపాక... అంటే ఆంధ్రప్రదేశే. పిల్లికి చెక్‌పోస్టు ఏం అడ్డం?

ఈ వైరస్ పిల్లులకు సోకుతుందని 2004లోనే తేలింది. నెదర్లాండ్స్ పరిశోధకులు జబ్బు కోడిని పిల్లులకు తినిపించి చూస్తే వాటికీ అంటుకుంది. వాటి పక్కనున్న పిల్లులకూ పాకింది! అదే ఏడాది థాయిలాండ్‌లోని ఒక జూలో పచ్చి కోడిమాంసం తిన్న 441 పులుల్లో 147 చనిపోయాయి, లేదా వాటిని చంపాల్సి వచ్చింది. 2024లో అమెరికాలోని టెక్సస్ డెయిరీల్లో జబ్బు ఆవుల పచ్చిపాలు తాగిన పిల్లులూ రాలిపోయాయి. మన దేశంలో 2024 చివర్లో నాగపూర్ గోరెవాడ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత బలయ్యాయి. మరుసటి నెలలోనే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లో వైరస్ కనిపించింది.

సోకిన పిల్లి తిండి మానేస్తుంది. జ్వరం, ఆయాసం, ఆపైన ఫిట్స్... కొన్నిటికి చూపు కూడా పోతుంది. నమ్మకంగా నయం చేసే మందు లేదు. వాంతులు, విరేచనాలతో పిల్లిపిల్లలను మింగేసే పాన్‌ల్యూకోపీనియా వేరే జబ్బు. దానికైతే టీకా ఉంది.

ఊరి బయట పారేసిన కోడి ఊరపిల్లి నోటికే చేరుతుందన్న హామీ కూడా లేదు. పక్కనే కిన్నెరసాని అభయారణ్యం... అక్కడి అడవిపిల్లులకూ, చిరుతలకూ ఇదే గండం.

మనుషులకూ ముప్పు లేకపోలేదు. 2025 మార్చిలో పల్నాడు జిల్లా చిన్నారి ఒకరు బర్డ్‌ఫ్లూతో కన్నుమూయగా, అంతకుముందు పచ్చి కోడిముక్క తిన్నట్టు తేలింది. బాగా ఉడికిస్తే వైరస్ బతకదు. అందుకే పిల్లికి వేసే పేగులైనా సరే ఉడకాల్సిందే. చచ్చిన కోడిని చేత్తో ముట్టుకోకుండా, లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చాలి. కోళ్లతోపాటు పిల్లీ చచ్చిపోతే మాత్రం పూడ్చేముందే పశువైద్యుడికి కబురు చెప్పాలి.