అన్నినేలల బండి: దాని వేగమును, దాని అదుపును

వేగమనిన బాలురకే కాదు, పెద్దలకును వేడుకయే. క్రొత్త యంత్రమేది కనబడినను "ఇది గంటకెంత దూరము పోవును?" అనునదియే మన మొదటి ప్రశ్న. సముద్రతీరములందును, కొండలమీది విహారస్థలములందును రుసుము తీసికొని యెక్కించు నాలుగు చక్రముల బండిని మనలో పెక్కురు చూచియున్నారు. దీనిని ఆల్ టెరైన్ వెహికిల్ అనియు, పొట్టిగా ఏ.టి.వి. అనియు పిలుతురు. అన్ని విధముల నేలలపై పోవు బండి యని దాని యర్థము. వీనిలో క్రీడకును పందెములకును చేసినవి వేరుగా గలవు. వాని వేగమునుగూర్చి యిచ్చట కొంత వివరింతుము.

1970లో జపానుదేశపు హోండా కంపెనీవారు అమెరికాలో మూడు చక్రముల బండి నొకదానిని విక్రయింప నారంభించిరి. దాని ఇంజను 90 సి.సి. మాత్రమే, ఉబ్బిన మెత్తని టైర్లే దాని విశేషము. తరువాత సుజుకీవారు నాలుగు చక్రముల బండ్లను చేసి, 1985లో 250 సి.సి. పందెపు బండిని వెలువరించిరి. 1987లో యమహావారి బాన్షీ వచ్చెను. అదే కంపెనీవారి రాప్టర్ 700 అనునది 2006లో బయలుదేరినది. దాని ఇంజను 686 సి.సి.; సిలిండరు ఒక్కటియే. బండి బరువు సుమారు 190 కిలోలు. చదునైన గట్టి నేలపై అది గంటకు సుమారు 120 కిలోమీటర్లు పోగలదు.

ఇంతకంటె నెక్కువ యేల పోజాలదు? బండి ముందునకు పోవునప్పుడు గాలి దానిని వెనుకకు నెట్టుచుండును. వేగము రెండింతలైనచో గాలి యడ్డు నాలుగింతలగును. దానిని గెలుచుటకు వలయు శక్తి యెనిమిదింతలగును. ఇంజను బలమును, గాలియు నేలయు కలిగించు నడ్డును సరిసమానమైన చోట వేగము పెరుగుట నిలిచిపోవును. ఆ వేగమే ఆ బండికి పరమావధి.

వెనుక ఇరుసుమీది పళ్లచక్రమును పెద్దదిగా మార్చినచో బండి గుంజుడు హెచ్చును, ఇసుకదిబ్బను సులభముగా నెక్కును. కాని దాని తుదివేగము తగ్గును. చిన్నదిగా మార్చిన దీనికి విపర్యయము. కావున పందెగాండ్రు నేలను చూచి పళ్లచక్రమును ఎన్నుకొందురు. టైర్లలో గాలియు చదరపు అంగుళమునకు నాలుగైదు పౌనులే యుంచుదురు. కారు టైరులో ముప్పది పౌనులుండును. మెత్తని టైరు నేలపై పరచుకొని ఇసుకలో దిగబడక పోవును.

ఇక వేగముకంటె ముఖ్యమైన సంగతి. కారు మలుపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము లోపలి చక్రముకంటె నెక్కువ దూరము పోవలయును. అందులకు తగిన పళ్లచక్రముల యమరిక కారులో గలదు. క్రీడల బండిలో వెనుక చక్రములు రెండును ఒకే ఇరుసునకు బిగింపబడి సమానముగా తిరుగును. అందుచేత బండి తిన్నగా పోవ గోరునే కాని మలుపునకు లొంగదు. నడుపువాడు దేహమును మలుపు లోపలికి వంచి, బరువును వెలుపలి పాదపీఠముపై మోపి, దానిని త్రిప్పవలయును. అనగా ఈ యంత్రములో మనుష్యుని దేహము కూడ ఒక భాగమే. ఈ నేర్పు లేనివానికి 40 కిలోమీటర్ల వేగమైనను అపాయమే.

చదువరులు ఒక చిన్న లెక్క చూతురు గాక. అడ్డము కనబడి బ్రేకు పట్టుటకు ఒక సెకను పట్టుననియు, వదులు నేలపై బ్రేకు ప్రతి సెకనునకు వేగమును సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గించుననియు అనుకొందము. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి సుమారు 23 మీటర్లలో నిలుచును. 80 కిలోమీటర్లైనచో సుమారు 72 మీటర్లు కావలయును. వేగము రెండింతలు, నిలుచు దూరము మూడింతలకు మించినది!

2008లో అమెరికాలో టెరీ విల్మెత్ అనునతడు రాప్టర్ బండికి రాకెట్టును చేర్చి గంటకు 315 కిలోమీటర్లకు పైగా నడిపెను. ఇది జరిగినది ఒరెగాన్ రాష్ట్రములోని మద్రాసు అను పట్టణపు విమానాశ్రయములో. మన చెన్నపట్టణమని భ్రమపడరాదు. అది చదునైన తిన్నని బాటపై చేసిన సాహసము. గుంటలును మలుపులును గల నేలపై అట్టి వేగమునకు తావు లేదు.

ఈ బండ్లవలన అమెరికాలో పెక్కురు, అందును బాలబాలికలు, గాయపడిరి, పలువురు మరణించిరి. అందుచేత 1988లో అచ్చటి ప్రభుత్వమును కంపెనీలును ఒడంబడిక చేసికొని మూడు చక్రముల బండ్ల విక్రయమును మాన్పించినవి. 90 సి.సి.కి మించిన బండి పదునారేండ్లలోపు వారికి తగదని నిర్ణయించినవి. తలకు హెల్మెటు లేక, నేర్పువాడు ప్రక్కన లేక, ఒక్కరికై చేసిన బండిపై ఇద్దరెక్కి పోవుట ధైర్యము కాదు, అవివేకము. సెలవులలో విహారమునకు పోవు విద్యార్థులును, వారిని తోడ్కొనిపోవు తల్లిదండ్రులును "ఇది ఎంత వేగముగా పోవును?" అని యడుగుటకు ముందు "ఇది ఎంతలో నిలుచును?" అని యడుగుదురు గాక యని మా కోరిక.