ప్రొద్దు గ్రుంకక మునుపే కూలి

దేవుని నీతి యన్నంతనే మనలో ననేకుల మనస్సునకు తీర్పు చెప్పు న్యాయాధిపతియు, పాపముల లెక్క వ్రాసియుంచిన గ్రంథమును తోచును. ఆ భావము పూర్తిగా తప్పు కాదు గాని, బైబిలునందు నీతి ప్రస్తావన వచ్చిన తావులను శ్రద్ధతో చదువువారికి అది పొలముగట్టునను, కళ్ళములోను, కూలివాని గుడిసె ముంగిటను పదే పదే కనబడుట విస్మయము గొలుపును. కోతకాలమందు చేని యంచులను పూర్తిగా కోయరాదనియు, రాలిన పరిగెను బీదలకును పరదేశులకును విడువవలెననియు లేవీయకాండమున విధి కలదు. బీదవాని పైవస్త్రమును తాకట్టు పెట్టుకొన్నవాడు రాత్రి యతడు కప్పుకొని నిద్రించుటకై ప్రొద్దు గ్రుంకువేళకు దానిని తిరిగి యీయవలెననియు, దినకూలివాని కూలిని ఆనాటి సూర్యాస్తమయము దాటనీయరాదనియు ద్వితీయోపదేశకాండము శాసించుచున్నది. చలిరాత్రి యొక బీదవానికి వాని దుప్పటి వానికి చేర్చుటను ఆ గ్రంథము దేవుని యెదుట నీతిగా నెంచినది.

మోయాబు దేశపు విధవయైన రూతు బేత్లెహేమునకు వచ్చి, బోయజు పొలములో పరిగె యేరుకొని అత్తను పోషింపగలిగినది ఈ విధి యుండబట్టియే. అయినను బోయజు విధి చెప్పినంతతో నాగలేదు. పనలలోనుండి కొన్ని పిడికిళ్ళు కావలెననియే ఆమెకై రాలవిడువుడని, ఆమెను గద్దింపకుడని తన పనివారికి ఆజ్ఞాపించెను. పరిగె రూతునకు హక్కు. పనలనుండి రాల్చినది బోయజు కనికరము. ఆమె ఒడిలో చేరిన గింజలలో ఏవి హక్కో, ఏవి కనికరమో ఆమెకు తెలియకుండునట్లు అతడు చేసినాడు. క్రైస్తవుడు దేవుని నీతిని ఎట్లు జీవింపవలెనని అడుగువారికి ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము నాకు కనబడలేదు.

యేసు చెప్పిన ద్రాక్షతోట యుపమానమునందును ఇదే కలదు. వేకువనే కుదిరిన కూలివారికిని, ఎవరును పిలువనందున సాయంకాలమువరకు సంతవీథిలో నిలిచి కడపటి గంటలో పనికి వచ్చినవారికిని యజమానుడు ఒక్కొక్క దేనారమే యిప్పించెను. దేనారమనగా ఆ కాలమున ఒక దినపు కూలి. పని దొరకని వాని యింటిలోను పిల్లల ఆకలి తక్కినవారి పిల్లల ఆకలియంతయే గదా! ఈ లెక్క మనకు అన్యాయముగా తోచుట సహజమే. ఏలయన మనము కూలిని పనితో కొలుచుచున్నాము, ఆ యజమానుడు దానిని మనుష్యుని అవసరముతో కొలిచినాడు. ఎవని సొమ్మును తగ్గింపక ఎక్కువ యిచ్చుటలో నీతికి లోపమేమియు లేదు. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో దేవుని నీతి మానవుడు సంపాదించుకొనునది కాదనియు, విశ్వాసముచేత ఉచితముగా పొందునదనియు బోధించినప్పుడు, ఆ కడపటి కూలివాని స్థానమున మనలనందరిని నిలిపినాడు. తగనివాడై పొందినవాడు మరియొకని తాహతును తూచుటకు త్రాసు చేతబట్టుట ఎంత అసంగతము!

గ్రంథస్థమైన యీ ధర్మము తెలుగునేలమీద ఒకప్పుడు కఠినమైన పరీక్షకు నిలిచినది. ఒంగోలు ప్రాంతమున అమెరికను బాప్టిస్టు మిషనరీగా 1866లో నివాసమేర్పరచుకొన్న జాన్ ఎవరెట్ క్లౌ యౌవనమున భూమి కొలతల పని నేర్చినవాడు. ఆ మండలమున ఆయన బోధ మొదట నాటుకొన్నది మాదిగవారిలో. వారిలో యెర్రగుంట్ల పేరయ్య వంటి ఆధ్యాత్మికచింతగల పెద్దలుండిరి. వారిని చేర్చుకొన్నచో అగ్రవర్ణులు దూరమగుదురని తెలిసియు దొర వెనుదీయలేదు.

1876లో వానలు తప్పెను. జనులు ధాత కరువని చెప్పుకొన్న ఆ క్షామము 1878వరకు చెన్నపురి రాజధానిని పీడించి లక్షలాది ప్రాణములను బలిగొన్నది. ప్రభుత్వము సహాయపు పనులు తెరచినది గాని, 1877 ప్రారంభమున భారత ప్రభుత్వపు కరువు ప్రతినిధియైన సర్ రిచర్డ్ టెంపుల్ వ్యయము తగ్గించుటకై నిర్ణయించిన కూలి మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా మాత్రమే. ఎండలో మట్టి త్రవ్వువాని శరీరము దీనితో నిలువదనియు, పౌనున్నర ధాన్యమైనను, దానిపై పప్పు కూరలును అవసరమనియు చెన్నపురి ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ వాదించెను. కొలదినెలలలో ఆ కూలి కొంత పెంపబడినది. ఖజానా లెక్క నీతిగానే కనబడుచు మనుష్యులను చంపగలదనుటకు ఇది సాక్ష్యము.

ఆ దినములలో కరువు సహాయపు పనులలో ఒకటిగా బకింగ్‌హాం కాలువ త్రవ్వకము సాగుచుండెను. పనికి పోయిన దీనులలో పలువురు మేస్త్రీల దెబ్బలును, కూలిలో కోతలును భరింపలేక తిరిగి వచ్చుచుండుట చూచి, క్లౌ ఇంజనీర్లతో మాటలాడి 3½ మైళ్ళ భాగమును స్వయముగా గుత్తకు తీసికొనెను. మిషనరీ కంట్రాక్టరగుట కొందరికి వింతగా తోచియుండవచ్చును. నాకు మాత్రము ఆయన ప్రసంగములన్నిటికంటె ఆ గుత్తయే గొప్ప ప్రసంగమనిపించును. త్రవ్వువారికి తాటాకు పాకలు వేయించెను; త్రాగునీటికి బావులు త్రవ్వించెను; తన సంఘపు బోధకులనే పనిమీద పెద్దలుగా నిలిపెను. మగవారు త్రవ్విన మట్టిని స్త్రీలు తట్టలకెత్తి తలమీద మోసి గట్టున పోయుచుండిరి. పని చేసినవారి చేతికి కూలి సరిగా ముట్టుచుండెను. ఆ మాట ఊరూర ప్రాకినందున దూరగ్రామములనుండి జనము ఆ శిబిరమునకు తరలివచ్చినది. విశ్రాంతివేళ బోధకులు వారి మధ్య కూర్చుండి, ప్రయాసపడి భారము మోయువారిని తనయొద్దకు రమ్మన్న యేసును గూర్చి చెప్పుచుండిరి. తట్ట దించి కూర్చున్న స్త్రీకి ఆ మాట విడమరచి చెప్పవలసిన అవసరముండెనా?

ఇక్కడ నేను పాఠకుని కొంతసేపు నిలుపగోరుచున్నాను. ఆ జనులలో వేలమంది బాప్తిస్మమీయుమని వేడుకొనిరి. పదునైదు మాసములపాటు క్లౌ దొర వారిని నిరాకరించెను. ఆకలిగొన్నవాని నోట వచ్చిన విశ్వాసవాక్యమును ఆకలి పలికించెనో హృదయము పలికించెనో వానికే తెలియకపోవచ్చుననియు, కూలికిని మతమునకును ముడి పెట్టుట రెంటిని చెరచుననియు ఆయన యెరుగును. 1878 మధ్యభాగమున, తనవద్ద పంచుటకు ధనమిక లేదని ప్రకటించిన పిమ్మటగాని ఆయన అంగీకరింపలేదు. ఆ సంవత్సరము జూలై 3వ తేదీన ఒంగోలునకు ఉత్తరమున వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఆరుగురు తెలుగు బోధకులు వంతులవారీగా ఇద్దరిద్దరు నీటిలో నిలిచి 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. సంఘచరిత్రలు ఈ సంఖ్యనే పెద్ద అక్షరములలో ముద్రించుచున్నవి. నా దృష్టిలో దానికంటె ఘనమైనది ఆ పదునైదు మాసముల నిరాకరణము. ఆకలి తీర్చిన చేయి ప్రతిఫలముగా ఆత్మనైనను అడుగకుండుట కనికరమునకు పరాకాష్ఠ.

అన్నమునకై మతము మారినవారని వారిని ఎగతాళి చేసినవారు లేకపోలేదు. అన్నము పంచుట ముగిసిన పిదప వచ్చినవారిని గూర్చి ఆ మాట నిలువదు. తరతరములుగా ఊరిబావియొద్దకు రానీయబడనివారు తమను మనుష్యులుగా చూచిన చోటునకు నడిచినచో అందులో సిగ్గుపడవలసినది ఏమున్నది? మర్యాదకై మనుష్యుడు పడు ఆరాటమును దేవుడు తక్కువగా చూడడని నేను దృఢముగా నమ్ముచున్నాను.

నేడు అంత కరువు లేదు గాని, కూలి యున్నది, కూలివాడున్నాడు. ఆదివారమున నీతిని గూర్చి చక్కగా పాడి, సోమవారమున ఇంటి పనిమనిషి జీతములో సెలవుల పేరిట కోత పెట్టు విశ్వాసులు మనలో ఉన్నారు. మన సంఘముల పాఠశాలలలో నెలల తరబడి జీతము రాని ఉపాధ్యాయురాండ్రును, మన ఆసుపత్రులలో ఊడ్చి తుడిచి చాలీచాలని డబ్బుతో ఇల్లు చేరు ఆయాలును ఉన్నారు. కొన్ని గుడులలో నేటికిని కులమునుబట్టి వరుసలు చీలుచున్నవి; సమాధులతోటలు సైతము చీలుచున్నవి. వీటిని చక్కజేయక పేదలకు పండుగ దుప్పట్లు పంచుట దేవునికి ప్రీతికరమగునా?

సంఘపెద్దలారా, మీ తదుపరి కమిటీ సమావేశమున లెక్కల పుస్తకము తెరచినప్పుడు కానుకల పద్దు చదువుటకు ముందు జీతముల పద్దు చదువుడు. బాకీ యున్నచో, ప్రార్థనతో సమావేశము ముగించులోగా అది తీర్చు తేదీ నిర్ణయింపుడు.