పునీతుడు, రాతప్రతి, శాసనం: సెయింట్ డేవిడ్ చరిత్రాధారాల పరిశీలన

కీలకపదాలు: కెల్టిక్ పునీతులు, పునీత చరిత్ర, రాతప్రతి, శిలాశాసనం, వేల్స్, సెయింట్ డేవిడ్.

1. ప్రవేశిక

ఐర్లండు, స్కాట్లండు, వేల్స్, కార్న్‌వాల్, బ్రిటనీ ప్రాంతాలలో స్థూలంగా ఐదవ శతాబ్దం నుంచి ఏడవ శతాబ్దం వరకు జీవించిన క్రైస్తవ మఠస్థాపకులను, తపస్వులను ‘కెల్టిక్ పునీతులు’ అని వ్యవహరిస్తారు. ఇది వారు తమకు తాము పెట్టుకున్న పేరు కాదు. ఎడ్వర్డ్ లూయిడ్ 1707లో ప్రకటించిన ‘ఆర్కియాలజియా బ్రిటానికా’ గ్రంథంలో వేల్షు, కార్నిషు, బ్రెటన్, ఐరిషు భాషల బంధుత్వాన్ని పోల్చి చూపాడు. ఆ తరువాతి కాలంలో భాషాశాస్త్రం ద్వారా స్థిరపడిన సంజ్ఞ ఇది.

ఈ పునీతులలో స్వయంగా రాసుకున్న రచనలు మిగిల్చినవారు చాలా అరుదు. ఐర్లండుకు చెందిన పాట్రిక్ లాటిన్ రచనలు రెండు లభించడం ఒక మినహాయింపు. మిగిలినవారి విషయంలో పరిశోధకుడు ప్రధానంగా మూడు ఆధారాలను ఆశ్రయించవలసి వస్తుంది. అవి: తరువాతివారు రాసిన పునీత చరిత్రలు, వాటిని నిలిపి ఉంచిన రాతప్రతులు, శిలాశాసనాలు. ఈ మూడూ ఒకే వ్యక్తిని గురించి చెబుతున్నట్లు కనిపించినా, ఒక్కొక్కటి ఒక్కొక్క కాలానికి సాక్ష్యం. వాటిని కలిపి ఒకే కథగా చదవడంలో ఎదురయ్యే ప్రమాదాన్ని, విడివిడిగా చదవడంవల్ల కలిగే ప్రయోజనాన్ని వేల్స్ దేశపు పునీతుడైన సెయింట్ డేవిడ్ ఉదాహరణతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

2. కాలవ్యవధి: రెండు దూరాలు

పునీత చరిత్రను చదివేటప్పుడు మొదట కొలవవలసినవి రెండు దూరాలు. మొదటిది పునీతునికి, అతని చరిత్ర రాసిన రచయితకు మధ్య ఉన్న దూరం. రెండవది ఆ రచయితకు, నేడు లభిస్తున్న రాతప్రతికి మధ్య ఉన్న దూరం.

అయోనా మఠాన్ని స్థాపించిన కొలంబా 597లో మరణించాడు. అతని చరిత్రను అదే మఠానికి తొమ్మిదవ అధిపతి అయిన అడమ్నాన్ దాదాపు నూరేళ్ళ తరువాత రాశాడు. అడమ్నాన్ మరణం 704లో జరిగింది. స్విట్జర్లాండులోని షాఫ్‌హౌజెన్ నగరంలో భద్రంగా ఉన్న రాతప్రతిని రాసిన డోర్బెనె 713లో మరణించాడు. అంటే రచయితకు, ప్రతికి మధ్య పదేళ్ళకు మించి వ్యవధి లేదు. లేఖకుల చేతిలో పాఠం మారిపోయిందన్న అనుమానానికి ఇక్కడ అవకాశం తక్కువ.

డేవిడ్ విషయం ఇందుకు భిన్నం. ఇతడు ఆరవ శతాబ్దికి చెందినవాడు. ‘అన్నాలెస్ కాంబ్రియే’ అనే వార్షిక వృత్తాంతం ఇతని మరణాన్ని 601వ సంవత్సరం కింద నమోదు చేసింది. ఇతని చరిత్రను రిగవార్ఖ్ లాటిన్‌లో రాసింది పదకొండవ శతాబ్దం చివరిలో. ఆ రచనకు ముఖ్యమైన రాతప్రతి సుమారు 1200 నాటిది. ‘కాటన్ వెస్పేసియన్ ఎ 14’ అనే ఆ సంపుటి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. మొదటి దూరం దాదాపు అయిదువందల ఏళ్ళు. రెండవ దూరం నూరేళ్ళు.

3. రిగవార్ఖ్ రచన: ఆనాటి అవసరం

సెయింట్ డేవిడ్స్ పీఠానికి రెండు పర్యాయాలు బిషప్‌గా ఉన్న సిలియెన్ కుమారుడు రిగవార్ఖ్. 1066లో ఇంగ్లండును జయించిన నార్మన్లు అప్పటికి వేల్స్‌లోకి చొచ్చుకువస్తున్నారు. విజేత విలియం 1081లో స్వయంగా సెయింట్ డేవిడ్స్‌కు వచ్చాడు. వేల్స్ చర్చిపై కాంటర్‌బరీ పీఠం అధికారం చెలాయించే పరిస్థితి ఏర్పడుతోంది.

ఈ నేపథ్యంలో చదివితే రిగవార్ఖ్ కథనంలోని కొన్ని ఘట్టాల ప్రయోజనం స్పష్టమవుతుంది. డేవిడ్ జెరూసలేముకు వెళ్ళగా అక్కడి పేట్రియార్క్ అతనిని ఆర్చిబిషప్‌గా అభిషేకించాడని రచయిత చెబుతాడు. బ్రెవి అనే చోట జరిగిన మహాసభలో డేవిడ్ ఉపదేశిస్తుండగా అతని పాదాల కింది నేల గుట్టగా పైకి లేచిందని, సభ అతనిని అందరికీ పెద్దగా అంగీకరించిందని వర్ణిస్తాడు. అధికారం జెరూసలేము నుంచే సంక్రమించినప్పుడు కాంటర్‌బరీకి లోబడవలసిన అవసరం ఉండదు. ఇది ఆరవ శతాబ్దపు సమాచారం అనడం కంటే పదకొండవ శతాబ్దపు వాదన అనడం సమంజసం.

అంతమాత్రాన ఈ రచనను కల్పన అని తోసిపుచ్చడం తగదు. పురుగు తిన్న పాత రాతల నుంచి విషయాలను సేకరించానని రచయిత చెప్పుకున్నాడు. ఆ మాటలో ఎంత నిజముందో తేల్చాలంటే అతనికి ముందరి సాక్ష్యాలను పరిశీలించాలి.

4. రిగవార్ఖ్‌కు ముందరి సాక్ష్యాలు

సుమారు 800 నాటి ఐరిషు పునీతుల పండుగ పట్టిక అయిన ‘ఓయెంగస్ మార్టిరాలజీ’లో మార్చి 1వ తేదీ కింద డేవిడ్ పేరు ఉంది. నేటికీ అతని పండుగ ఆ రోజే. బ్రిటనీలోని లాందెవెనెక్ మఠానికి చెందిన ఉర్మొనాక్ 884లో రాసిన పాల్ ఆరేలియన్ చరిత్రలో డేవిడ్‌ను ‘జలవాసి’ అనే అర్థమిచ్చే లాటిన్ బిరుదుతో పేర్కొన్నాడు. రిగవార్ఖ్ వర్ణించిన డేవిడ్ రొట్టె, ఆకుకూరలు, నీళ్ళతో జీవించే కఠోర నియమపరుడు. అంటే ఈ తపస్వి రూపం రిగవార్ఖ్ సృష్టి కాదు. అంతకు రెండు శతాబ్దాల ముందే సముద్రానికి ఆవల అది ప్రచారంలో ఉంది. జెరూసలేము అభిషేకానికి మాత్రం ఈ పాత సాక్ష్యాలలో మద్దతు లేదు. ఒకే రచనలోని రెండు అంశాలకు రెండు రకాల విలువ ఉండవచ్చునని దీనివల్ల తెలుస్తుంది.

5. లాన్‌దెవి బ్రెవి శాసనం

మహాసభ జరిగిందని చెప్పే చోటే నేటి లాన్‌దెవి బ్రెవి గ్రామం. ‘లాన్’ అంటే చర్చి ఆవరణ. ‘దెవి’ అనేది డేవిడ్‌కు వేల్షు రూపం. అక్కడి చర్చిలో ఒక లాటిన్ సమాధి శాసనం ఉండేది. వేల్స్, ఐర్లండు, స్కాట్లండు, కార్న్‌వాల్, బ్రిటనీలలో పర్యటించి శాసనాలను, రాతప్రతులను సేకరించిన లూయిడ్ దానికి నకలు తీసుకున్నాడు. పందొమ్మిదవ శతాబ్దం ఆరంభంలో చర్చి పనులు జరిగినప్పుడు ఆ రాయిని పగలగొట్టి గోడలో కట్టేశారు. నేడు మిగిలినవి ముక్కలు మాత్రమే. శాసన పూర్తిపాఠం లూయిడ్ నకలు వల్లనే దక్కింది. ముక్కలపై మిగిలిన అక్షరాలతో పోల్చి ఆ నకలు విశ్వసనీయతను పరీక్షించే వీలుండటం ఒక్కటే ఊరట.

శాసనం సారాంశం ఇది: ఇడ్నెర్ట్ అనే వ్యక్తి ఇక్కడ సమాధి అయ్యాడు, పవిత్రుడైన డేవిడ్ సొత్తు దోపిడీ కారణంగా అతడు హతుడయ్యాడు. కాలం రాయిపై లేదు. అక్షరాల ఆకృతిని, భాషను బట్టి పండితులు దీనిని ఏడవ, తొమ్మిదవ శతాబ్దాల మధ్య ఉంచుతారు. డేవిడ్ పేరు కనిపించే అత్యంత ప్రాచీన ఆధారాలలో ఇది ఒకటి. బహుశా ఇదే మొదటిది.

ఈ చిన్న వాక్యం చెప్పేదేమిటి? డేవిడ్ జీవితాన్ని గురించి ఏమీ చెప్పదు. అద్భుతాలను, మహాసభను, ఆర్చిబిషప్ పదవిని ప్రస్తావించదు. కాని మరణించిన పునీతునికి ‘సొత్తు’ ఉన్నదని, దానిని దోచుకునేవారు ఉన్నారని, అందువల్ల ఒక మనిషి ప్రాణం పోయిందని చెబుతుంది. చర్చి భూములు, సంపద పునీతుని పేరుననే ఉండేవి. ఆల్ఫ్రెడ్ రాజు చరిత్రను 893లో రాసిన ఆసర్ సెయింట్ డేవిడ్స్ మఠంలో ఎదిగినవాడు. దవెడ్ రాజైన హవైద్ ఆ మఠంపైన, దాని ఆస్తులపైన తరచు దాడి చేసేవాడని అతడు నమోదు చేశాడు. ఇడ్నెర్ట్ మరణానికి, హవైద్ దాడులకు నేరుగా సంబంధం ఉందనడానికి ఆధారం లేదు. కాని శాసనం సూచించిన పరిస్థితి వాస్తవమైనదని ఆసర్ మాట నిర్ధారిస్తుంది.

6. మౌనాన్ని పూరించడంలో ప్రమాదం

ఇడ్నెర్ట్ ఎవరు? దోపిడీని అడ్డుకుంటూ మరణించాడా, దానిలో పాల్గొని మరణించాడా? ‘కారణంగా’ అన్న మాట ఈ ప్రశ్నను తేల్చదు. గౌరవంగా సమాధి చేసి శాసనం వేయించడాన్ని బట్టి రక్షకుడనే ఊహ బలమైనది. అయినా అది ఊహే. పన్నెండవ శతాబ్దపు రచయిత జెరాల్డ్, లాన్‌బాదర్న్ బిషప్‌ను అతని ప్రజలే చంపారని పేరు చెప్పకుండా రాశాడు. తరువాతి పురాతత్త్వ రచయితలు కొందరు ఇడ్నెర్ట్‌ను ఆ బిషప్‌గా గుర్తించారు. రాతలో పేరు లేదు. రాతిపై పదవి లేదు. ఒకదాని మౌనాన్ని మరొకదాని మాటతో నింపినందువల్ల ఒక కొత్త చారిత్రక వ్యక్తి తయారయ్యాడు.

ఇదే గ్రామం మరొక ముఖ్యమైన ఆధారాన్ని కూడా ఇచ్చింది. 1346లో లాన్‌దెవి బ్రెవిలో ఏకాంతవాసం చేసిన ఒక సన్యాసి వేల్షు భాషలో రాసిన సంపుటి ఆక్స్‌ఫర్డులోని జీసస్ కళాశాలకు చెందినది. లాటిన్ చరిత్రను సంక్షేపించి వేల్షులోకి తెచ్చిన డేవిడ్ చరిత్ర అందులో ఉంది. ఇది లాటిన్ రాని గృహస్థులకు ఆ కథ ఎలా చేరిందో తెలుసుకోవడానికి సాక్ష్యం. ఆరవ శతాబ్దానికి కాదు.

7. ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. పునీత చరిత్ర ముందుగా తన రచనాకాలానికి సాక్ష్యం. అందులోని ఒక్కొక్క అంశాన్ని పూర్వాధారాలతో వేరువేరుగా పరీక్షించాలి. రాతప్రతి కేవలం పాఠాన్ని మోసే పాత్ర కాదు. ఎవరు, ఎక్కడ, ఎవరికోసం రాశారన్నది కూడా సమాచారమే. శాసనం చెప్పేది తక్కువైనా పునీతుని కాలానికి దగ్గరగా నిలిచి చెబుతుంది. దాని ధ్వంసం తిరిగి పూడ్చలేని నష్టం. లూయిడ్ నకలు తీయకపోయి ఉంటే డేవిడ్ తొలి ప్రస్తావనలలో ఒకటి పూర్తిగా చేజారిపోయేది. అందువల్ల ఆధారాన్ని వ్యాఖ్యానించడానికి ముందే దానిని ఉన్నదున్నట్లుగా నమోదు చేయడం ఈ అధ్యయనంలో పరిశోధకుని ప్రథమ కర్తవ్యం.