దోషజ్ఞునికి పరీక్ష

1970వ దశకమున, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమందు మర్రే హిల్ అను చోట నెలకొనిన బెల్ ప్రయోగశాలలలో సి అను ప్రోగ్రామింగ్ భాషయు యూనిక్స్ అను ఆపరేటింగ్ సిస్టమును జోడుగా పెరుగుచుండిన కాలమున, ఆ భాషను యంత్రాజ్ఞలుగా మార్చు కంపైలర్ల పని త్వరగా అనువదించుటయే గాని వ్రాసినవాని వివేకమును ప్రశ్నించుట కాదు. ఒక చలరాశిని ప్రకటించి ఎన్నడును వాడకుండినను, విలువ నింపకమునుపే దానిని చదివినను, రెండు విలువలు కోరు ఫంక్షనునకు మూడు పంపినను, కంపైలరు మారు పలుకక అనువదించెడిది. ఆ ఫలమును ప్రోగ్రామరు తరువాత నెప్పుడో, యంత్రము తప్పుడు లెక్క చెప్పిన నాడో నడుమ నాగిపోయిన నాడో అనుభవించెడివాడు. ఈ కొఱతను తీర్చుటకై అచ్చట పనిచేయుచుండిన స్టీఫెన్ జాన్సన్ 1978లో లింట్ అను ఉపకరణమును వెలువరించెను.

జాన్సన్ అంతకు మునుపే యాక్ అను వ్యాకరణ సాధనమును రచించినవాడు. ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు సులువుగా తరలింపదగిన సి కంపైలరు నిర్మించినవాడును అతడే. లింట్ లోని ప్రథమ భాగము ఆ కంపైలరు యొక్క రూపాంతరమే. అది మూలపాఠమును చదివి, పదములుగా విడదీసి, వాక్యములను వృక్షములుగా పేర్చి, యంత్రాజ్ఞలు వెలువరింపవలసిన ఘట్టమున వానికి బదులుగా, ఏ పేరు ఏ ఫైలులో ఏ పంక్తిలో ఏ విధముగా వాడబడినదో సాధారణాక్షరములతో ఒక నడిమి ఫైలులో వ్రాసి ఊరకుండును. ద్వితీయ భాగము ఆ ఫైలును చదివి పరస్పర విరోధములను చాటును. రెండు భాగముల నడుమ మనుష్యుడు కన్నులతో చదువదగిన పత్రముండుట నాకు మిక్కిలి ఆదరణీయముగా తోచును. ఏలయన తప్పు ఎచ్చట పుట్టినదో, మొదటి భాగముననో రెండవదాననో, ఆ పత్రమును చూచినవాడు తేల్చుకొనగలడు.

1979లో యూనిక్స్ ఏడవ కూర్పుతో లింట్ లోకమునకు తెలిసెను. దాని పేరే జాతినామమై, 2002లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ రచించిన జెఎస్‌లింట్, 2003లో పైథాన్ భాషకు పుట్టిన పైలింట్, 2013లో నికొలస్ జాకస్ ఆరంభించిన ఇఎస్‌లింట్ మొదలైన సంతతి వర్ధిల్లినది. ఇవి యెల్ల అందఱకును చెల్లు నియమములను చెప్పును. ఒక్కొక్క సంస్థకు తనదైన నియమము వేఱుగా నుండును గనుక, ఇట్టి ఉపకరణమును, అనగా లింటరును, సొంతముగా వ్రాసికొనవలసిన అగత్యము పలువురకు కలుగుచున్నది.

ఒక ఉదాహరణము కల్పించుకొందము. తెనాలి చెంతనున్న కొలకలూరునకు దుగ్గిరాల పసుపు యార్డు దూరమేమియు కాదు. ఆ యార్డులోని కమీషను వ్యాపారులకు లెక్కల సాఫ్ట్‌వేరు సమకూర్చు ఒక చిన్న కంపెనీ కొలకలూరున కలదనుకొనుడు: రైతు తెచ్చిన బస్తాలు కాటా పడినది మొదలు, ధర కట్టి, కమీషనును హమాలీ కూలిని తీసివైచి, అతని చేతికి రావలసిన మొత్తమును తక్‌పట్టీపై అచ్చువేయు వఱకు అన్నియు దాని పనియే. కంప్యూటరు ఫ్లోట్ అను రూపమున భిన్నములను ద్విసంఖ్యామానముతో నిలుపును గనుక, 0.1కి 0.2ను కూడినచో 0.3 రాక 0.30000000000000004 వచ్చును. ఒక్క లెక్కలో ఇది కంటికి కానరాదు. వేల పట్టీలు కూడిన పిదప చిట్టాకును ఆవర్జాకును పైసలు పొసగవు. రైతు సొమ్ము లెక్కలో ఒక్క పైసయైనను కారణము లేక తప్పిపోరాదు. కావున డబ్బును పూర్ణాంకములుగా పైసలలోనే నిలుపవలెననియు, డబ్బు ఫైళ్ళలో ఆ రూపమునకు మార్చు ఫ్లోట్ ఫంక్షనును పిలువరాదనియు కంపెనీ ఒక కట్టడి చేసికొని, దానిని కాపాడుటకు లింటరు వ్రాయించును.

తొలి లింటరు సామాన్యముగా ఒక్కటే పెద్ద ఫంక్షనుగా పుట్టును. అదియే ఫోల్డరులను గాలించును, అదియే ఫైలు తెఱచును, అక్షరముల వరుసలో ఫ్లోట్ అను పదము వెదకును, కనబడినచో తెరపై హెచ్చరిక ముద్రించును, తుదకు వైఫల్య సంకేతముతో ప్రోగ్రామును ముగించును. పిమ్మట వచ్చిన ప్రతి నియమమును అందులోనే ఇమిడ్చెదరు. దానిని పరీక్షింపదలచినవాడు డిస్కుమీద తాత్కాలికముగా ఫైళ్ళు సృష్టించి, ప్రోగ్రామును మొత్తముగా నడిపి, తెరమీది మాటలను పట్టి పోల్చుకొనవలెను. ఇంత శ్రమకు ఎవ్వరు పూనుకొందురు? కాన పరీక్షలు వ్రాయబడవు. ‘ఇచ్చట ఫ్లోట్ వాడకుడు’ అని వ్యాఖ్యలో వ్రాసినవానినే లింటరు తప్పుపట్టును. విసిగిన ప్రోగ్రామర్లు దాని హెచ్చరికలను చదువుట మానుదురు. లోపములను ఎన్నవలసిన సాధనము నమ్మకము కోల్పోయిన పిదప అది యున్నను లేకున్నను ఒక్కటియే.

ఈ చిక్కునకు పరిష్కారమును మన వైయాకరణులు ఏనాడో ఆచరించిరని నా దృఢ విశ్వాసము. సంస్కృత వ్యాకరణమైన అష్టాధ్యాయి యందలి సుమారు 4000 సూత్రములకు వృత్తి రచించిన కాశికాకారులు సూత్రార్థము చెప్పి ఊరకుండక, అది ప్రవర్తించు చోటునకు ఉదాహరణమును, ప్రవర్తింపని చోటునకు ప్రత్యుదాహరణమును చూపిరి. మన భాషలో అకార సంధినే తీసికొనుడు: మేన, అల్లుడు అనునవి కలసి మేనల్లుడు అగును, అమ్మ, ఇచ్చెను అనునవి సంధి పొందక అమ్మ యిచ్చెను అని నిలుచును. రెండవది లేనిచో మొదటిదాని హద్దు తెలియనేరదు. 1858లో వెలసిన చిన్నయసూరి బాలవ్యాకరణమున విడిచిన అంశములను 1885లో బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణముగా చేర్చగలిగిరనిన, ఏ సూత్రమునకాసూత్రము విడివిడిగా నిలుచుటయే గదా అందుకు వీలు కల్పించినది!

లింటరు పునర్నిర్మాణము, అనగా రిఫ్యాక్టరింగు, ఈ విడదీతయే. ఫైలు చదువు పని ఒకరిది. పాఠమును వ్యాకరణవృక్షముగా మార్చు పని వేఱొకరిది, పైథాన్‌లో ఈ సాధనము భాషతోనే వచ్చును. ముద్రించు పని మఱియొకరిది. నడుమనున్న నియమము మాత్రము వృక్షమును పుచ్చుకొని, పంక్తిసంఖ్యయు నియమపు పేరును సందేశమును గల దోషముల జాబితాను తిరిగి ఇచ్చును. ఫైలు తెఱువదు, ముద్రింపదు, ప్రోగ్రామును ఆపదు. అప్పుడు పరీక్షకు రెండు పంక్తుల పాఠము చాలును. ధరను ఫ్లోట్‌గా మార్చు పంక్తి నిచ్చినచో జాబితాలో ఒక దోషముండవలెను: ఇది ఉదాహరణము. అదే పదము వ్యాఖ్యలో నున్న పంక్తి నిచ్చినచో జాబితా శూన్యము కావలెను: ఇది ప్రత్యుదాహరణము. ఆ వృక్షమున వ్యాఖ్యలకు తావే లేదు. కొటేషను గుర్తుల నడుమ నున్న పదము స్థిరాంకముగా కనబడును గాని పిలుపుగా కనబడదు. ఇఎస్‌లింట్ తన నియమకర్తలకు ఇచ్చు పరీక్షాసాధనము సైతము, చెల్లు పాఠముల జాబితా నొకటి, చెల్లనివాని జాబితా నొకటి కోరును.

ఇట్లు పరీక్షలు చౌకయైన పిదప నియమము యొక్క అసలు కొఱతలు బయటపడును. పైసలలో నిలిపిన మొత్తమును 0.02 చేత గుణించి కమీషను కట్టినచో, ఏ పిలుపును లేకయే ఫ్లోట్ పుట్టును. మన నియమము దానిని చూడదు. ఇంతకాలము ఎవ్వరికిని తోచని ఈ సందు, పరీక్షాపాఠములు వ్రాయుచు కూర్చున్నవానికి ఒక్క పూటలో తోచును. దానికి వేఱొక నియమము చేర్పవలెను గాని మొదటిదానిని సాగదీయరాదు.

ఉన్నదానిని విడదీయునపుడు క్రమము ముఖ్యము. ప్రవర్తన మారకుండ నిర్మాణమును మార్చుటను గూర్చి విలియం ఓప్‌డైక్ 1992లో ఇలినాయ్ విశ్వవిద్యాలయమున సిద్ధాంతవ్యాసము వ్రాసెను. మార్టిన్ ఫౌలర్ 1999 నాటి గ్రంథము దానిని సామాన్య ప్రోగ్రామర్ల చెంతకు చేర్చెను. ప్రవర్తన మారలేదని తెలియుట యెట్లు? పరీక్షలు లేని పాత ప్రోగ్రామును తాకుటకు ముందు, అది ఇప్పుడేమి చేయుచున్నదో, తప్పైనను ఒప్పైనను, ఉన్నదున్నట్లు పరీక్షలుగా నమోదు చేయుమని మైకేల్ ఫెదర్స్ 2004లో చెప్పెను. మన లింటరును కంపెనీ ఫైళ్ళన్నిటిపై ఒక్కమాఱు నడిపి, ఆ హెచ్చరికల మూటను భద్రపఱచి, ప్రతి చిన్న మార్పు పిదప మరల నడిపి పోల్చవలెను. విడదీత ముగిసిన తరువాతనే వ్యాఖ్యల విషయమున పాత తప్పును సవరించుట యుక్తము. రెండును ఒకేమాఱు చేసినచో ఏ భేదము దేనివలన కలిగినదో తెలియదు.

నియమముల పరీక్షలు ఎన్ని యున్నను, ఫోల్డరును గాలించుట మొదలు సంకేతముతో ముగించుట వఱకు మొత్తమును నడుపు పరీక్షలు ఒకటి రెండు మిగులవలసియే యుండును. భాగములన్నియు సరియైనను కూర్పున తప్పు దొరలవచ్చును. ఇఁక, లింటరు అకారణముగా తప్పుపట్టినదని సహోద్యోగి వచ్చి చెప్పినచో, నియమమును ముట్టకమునుపే అతడు చూపిన పంక్తులను ప్రత్యుదాహరణముగా పరీక్షలలో చేర్చి, ఆ పరీక్ష విఫలమగుట చూచి, అప్పుడు దిద్దవలెను.