కంప్యూటర్‌లో సమాచార రక్షణ

వస్తువు పోతే దాని ధర చెల్లించి మరొకటి తెచ్చుకోవచ్చు. సమాచారం అటువంటిది కాదు. ల్యాప్‌టాప్ చెడిపోతే అంగడిలో కొత్తది దొరుకుతుంది. అందులో దాచుకున్న ప్రాజెక్టు నివేదిక, కీర్తిశేషులైన తాతగారి కంఠస్వరం, కుటుంబ ఛాయాచిత్రాలు ఏ అంగడిలోనూ దొరకవు. కావున కంప్యూటర్ వాడకం నేర్చినవారు అందులోని సమాచారాన్ని కాపాడుకోవడం కూడా నేర్వాలి. ఈ రక్షణకు రెండు ముఖాలున్నాయి. సమాచారం నశించకుండా చూడడం మొదటిది. పరుల పాలు కాకుండా చూడడం రెండవది.

వీటిలో మొదటి సమస్య కంప్యూటర్‌తో పుట్టింది కాదు. తాళపత్రాలపై గంటంతో రాసిన కాలంలో చెదలు, తేమ, నిప్పు గ్రంథాలకు శత్రువులు. అందువల్ల ఆకులు శిథిలమయ్యేలోగా లేఖకులు కొత్త ప్రతి రాసేవారు. ఒక ఊరిలో ప్రతి నశించినా, మరొక ఊరిలోని ప్రతి ఆ కావ్యాన్ని బ్రతికించేది. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి పలు ప్రతులు సేకరించి, పండితులచేత సరిపోల్చించి, శుద్ధప్రతులు రాయించగలిగాడంటే ఆ లేఖకుల శ్రమే కారణం. అన్నమాచార్యుడు 32 వేల సంకీర్తనలు రచించాడని ప్రసిద్ధి. వాటిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరచారు. అయినా నేడు లభిస్తున్నవి సుమారు 14 వేలు మాత్రమే. పదార్థం ఎంత దృఢమైనదైనా, అదొక్కటే రక్షణ కాజాలదని దీనివల్ల తెలుస్తుంది.

కంప్యూటర్‌లోని హార్డ్ డిస్క్ రాగిరేకు కంటే ఎంతో సుకుమారమైనది. అందులో అయస్కాంతపు పూత గల పలకలు నిమిషానికి వేలసార్లు తిరుగుతుంటాయి. వాటిపై సమాచారాన్ని చదివే భాగం, వెంట్రుక మందంకంటే తక్కువ ఎడంలో, పలకలను తాకకుండా కదులుతుంది. పనిచేస్తుండగా క్రింద పడితే ఆ భాగం పలకను గీరి, సమాచారాన్ని చెరిపివేయవచ్చు. ఇటీవలి ల్యాప్‌టాప్‌లలోని ఎస్.ఎస్.డి.లో తిరిగే భాగాలు ఉండవు కనుక కుదుపులను తట్టుకుంటుంది. కాని అది కూడా ఒక్కొక్కప్పుడు ఏ సూచనా లేకుండానే పనిచేయడం మానివేస్తుంది.

కాబట్టి లేఖకుల మార్గమే నేటికీ శరణ్యం. ముఖ్యమైన ఫైళ్లకు వేరే ప్రతి తీసి ఉంచడాన్ని ‘బ్యాకప్’ అంటారు. దీనికి ఒక సులభసూత్రం ఉంది: ప్రతులు మూడు ఉండాలి, అవి రెండు రకాల సాధనాలలో ఉండాలి, కనీసం ఒకటి వేరొక చోట ఉండాలి. ఒకటి ల్యాప్‌టాప్‌లో, రెండవది విడి హార్డ్ డిస్క్‌లో, మూడవది ఇంటర్నెట్ ద్వారా ‘క్లౌడ్’లో ఉంచితే ఈ సూత్రం నెరవేరుతుంది. ల్యాప్‌టాప్‌నూ, విడి డిస్క్‌నూ ఒకే సంచిలో పెట్టుకొని ప్రయాణిస్తే, దొంగకు రెండు ప్రతులూ ఒకేసారి దక్కుతాయి. క్లౌడ్ విషయంలోనూ ఒక మెలకువ అవసరం. కంప్యూటర్‌లో ఫైలును తొలగిస్తే, దానితో అనుసంధానమైన క్లౌడ్ ప్రతి కూడా తొలగిపోవచ్చు.

ప్రతి తీయడంతో పని పూర్తి కాదు. అది తెరుచుకుంటున్నదో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి. 1998లో అమెరికాలోని పిక్సర్ సంస్థ ‘టాయ్ స్టోరీ 2’ చలనచిత్రాన్ని నిర్మిస్తుండగా, ఒక పొరపాటు ఆదేశం వల్ల చిత్రానికి సంబంధించిన ఫైళ్లలో అధికభాగం తొలగిపోయాయి. బ్యాకప్‌ను ఆశ్రయించగా, అది కొంతకాలంగా సరిగా పనిచేయడం లేదని తేలింది. పసిబిడ్డ కారణంగా ఇంటి నుండి పనిచేస్తున్న గెలిన్ సస్మన్ కంప్యూటర్‌లోని ప్రతి ఆ సంస్థను ఆదుకున్నది.

ఇక రెండవ ముఖం. ల్యాప్‌టాప్ తెరిచేటప్పుడు అడిగే పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు. దొంగిలించినవాడు డిస్క్‌ను ఊడదీసి మరొక కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లను చదువవచ్చు. దీనికి విరుగుడు ‘ఎన్‌క్రిప్షన్’, అనగా సమాచారాన్ని గూఢలిపిలోకి మార్చడం. విండోస్‌లో ‘బిట్‌లాకర్’, మ్యాక్‌లో ‘ఫైల్‌వాల్ట్’ ఈ పని చేస్తాయి. సరియైన సంకేతం లేనివారికి డిస్క్‌లో అర్థరహితమైన అక్షరాలే కనిపిస్తాయి. అయితే ఆ సంకేతాన్ని మరచిపోతే యజమానికి కూడా తలుపు తెరుచుకోదు. అందుచేత దానిని కాగితంపై రాసి, ల్యాప్‌టాప్‌కు దూరంగా భద్రపరచాలి.

చోరుడు ఇంటికి రానక్కరలేదు. 2017 మేలో ‘వానాక్రై’ అనే ర్యాన్సమ్‌వేర్ 150కి పైగా దేశాలలోని కంప్యూటర్లలో చొరబడి, ఫైళ్లను గూఢలిపిలోకి మార్చి, విడుదలకు సొమ్ము కోరింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల సేవలు స్తంభించాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది ప్రవేశించిన లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేసింది. దానిని స్వీకరించిన కంప్యూటర్లలో ఆ మార్గం మూసుకుపోయింది. అప్‌డేట్‌ను వాయిదా వేయడం వాకిలి తెరచి నిద్రించడమే. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని పాత కంప్యూటర్లు వాడేవారు గమనించాలి. ర్యాన్సమ్‌వేర్ తగిలించి ఉన్న విడి డిస్క్‌ను కూడా పాడుచేయగలదు కనుక, బ్యాకప్ తీసిన వెంటనే దానిని వేరుచేయాలి.

పాస్‌వర్డ్‌గా పుట్టినతేదీ, ఫోన్ నంబరు పనికిరావు. ఒకే పాస్‌వర్డ్‌ను అన్నిచోట్లా వాడితే, ఒకచోట బయటపడినది అన్ని తలుపులనూ తెరుస్తుంది. పాస్‌వర్డ్‌తోపాటు ఫోన్‌కు వచ్చే సంకేతాన్ని కూడా అడిగే రెండంచెల పద్ధతి మేలు. ప్రవేశాల కౌన్సెలింగ్ కోసం ఇంటర్నెట్ కేంద్రానికి వెళ్లే విద్యార్థులు పాస్‌వర్డ్‌ను అక్కడ రాసి వదిలిరారాదు. దానిని తెలుసుకున్నవారు విద్యార్థి ఎంచుకున్న కళాశాలల క్రమాన్ని మార్చడానికి ప్రయత్నించవచ్చు.

పాత కంప్యూటర్‌ను అమ్మేటప్పుడు ఫైళ్లను తొలగించినంత మాత్రాన అవి నశించవు. పుస్తకంలో విషయసూచికను చించివేసినా పుటలు మిగిలినట్లే, అవి డిస్క్‌లో నిలిచి ఉండవచ్చు. డిస్క్‌ను పూర్తిగా చెరిపిన తరువాతనే ఇతరులకు ఇవ్వాలి. మోసం జరిగి బ్యాంకు సొమ్ము పోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు తెలుపాలి.

ఈ జాగ్రత్తలకు గొప్ప సాంకేతిక జ్ఞానం అక్కరలేదు, క్రమశిక్షణ చాలు. వారానికొకసారి ప్రతి తీయడానికి పట్టేది కొద్ది నిమిషాలే. ఆకు చెడకముందే ప్రతి రాసినందువల్లనే లేఖకుడు కావ్యాన్ని కాపాడగలిగాడు. చెడిన తరువాత రాయడానికి అతనికి ఏమీ మిగిలేది కాదు.