సూర్యబింబానికి చిన్న దూరదర్శిని చాలు

2019 డిసెంబరు 26న జొహోర్‌లోని తంజుంగ్ పియాయ్ వద్ద కంకణ సూర్యగ్రహణం సంభవించింది. గ్రహణం లేనినాడు కూడా సూర్యునిపై మచ్చలను ఛాయాచిత్రాలుగా తీయవచ్చు. అందుకు ఖరీదైన దూరదర్శిని అనవసరం.

సూర్యుని వెలుగుకు కొరత లేదు. పైగా పగటి వేడిగాలి కదలిక పెద్ద కటకపు ప్రయోజనాన్ని హరిస్తుంది. కనుక 80 మిల్లీమీటర్ల వస్తుకటకం చాలు. చౌక కటకం అన్ని రంగులను ఒకేచోట కేంద్రీకరింపలేదు. కెమెరాకు ఆకుపచ్చ గాజువడపోత అమర్చితే ఆ దోషం దాదాపు కనబడదు. నాభ్యంతరం 600 మిల్లీమీటర్లయితే బింబం సుమారు 5.5 మిల్లీమీటర్ల వ్యాసంతో ఏర్పడుతుంది.

మిగిలిన ధనాన్ని వస్తుకటకం ముందుభాగాన్ని పూర్తిగా కప్పే సౌరవడపోతకు వెచ్చించాలి. అక్షికటకానికి బిగించే వడపోత వేడికి పగిలి, క్షణంలో చూపు పోగొట్టగలదు. పిల్లలున్న ఇంట అది ఉండరాదు.

మలేసియాలో మబ్బులు కమ్మకమునుపే, ఉదయాన, నేల వేడెక్కని పచ్చికపై దూరదర్శినిని నిలపడం మేలు.