పరుగుకు తోడు కావాలా, వద్దా?

బరంపురంలో మన సంఘం పిల్లలు కొందరు 10 కిలోమీటర్ల పరుగుకు తయారవుతున్నారు. "ఒక్కళ్లమే పరుగెత్తడం మంచిదా, తోడు ఉండాలా?" అని నన్నడిగారు. రెండూ కావాలన్నాను.

తోడుంటే సాధన మానం. తెల్లవారి 5 గంటలకు వీధి చివర ఒకరు మనకోసం నిలబడి ఉంటే లేవక తప్పదు. కెన్యా పరుగువీరుడు ఎలియుడ్ కిప్చోగే సాధన చేసింది కప్టగాట్ శిబిరంలో, బృందంతోనే. 2019 అక్టోబర్ 12న వియన్నాలో ఆయన మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో ముగించారు. అప్పుడు పలువురు వంతులవారీగా పక్కన పరుగెత్తి, వేగం నిలిపి, ఎదురుగాలిని కాచారు. అలాంటి సాయం ఉన్నందునే దాన్ని అధికారిక రికార్డుగా లెక్కించలేదు.

తోడుతో చిక్కూ ఉంది. మన వేగం పోయి పక్కవాడి వేగం వస్తుంది. రిటైరయ్యాక నాకంటే చాలా చిన్నవాడితో పంతానికి పోయి, మోకాలు వాచి నెలరోజులు ఇంట్లో కూర్చున్నాను.

అందుకు తేలికైన కొలత మాట. పరుగెత్తుతూ పూర్తి వాక్యం చెప్పగలిగితే మామూలు రోజుకు ఆ వేగం చాలు. మాట తెగుతుంటే తగ్గించాలి. ఆ కబుర్లేవో తెలుగులోనే చెప్పుకోండి. ఇల్లు దాటితే మనకు ఆ వీలు తక్కువే కదా.

వారానికి ఒక రోజు మాత్రం ఒంటరిగా వెళ్లండి. పోటీలో మన ఊపిరి లెక్క మనకే తెలియాలి. దారి, తిరిగొచ్చే వేళ ఇంట్లో చెప్పండి, ఫోను వెంట ఉంచుకోండి. గుండెలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగి సాయం పిలవండి. నా వయసువారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.